ముద్ర వేసేదెవరు, కాపాడేదెవరు

2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి హైదరాబాద్ బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్ ఒకటి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. అందులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయన ప్రత్యేక కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్ గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, సహ పైలట్ ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. నల్లమల మీద హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. మర్నాడు ఉదయం పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడ్డాయి. ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

కడప జిల్లాలోని పులివెందులలో, జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఆనాడు ఎవరి నోట విన్నా అవే ప్రశ్నలు. మిషన్ బాగుండిందా? కాగితాలు సరిగా ఉన్నాయా? ఆ మబ్బులోకి ఎందుకు పోయినారు? తప్పెవరిదో తేల్చేదెవరు? పౌర విమానయాన నిబంధనలన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ అల్లుకున్నవే. పుస్తకాల్లో వాటికి జవాబులు ఉన్నాయి. వాటిని అమలు చేసే యంత్రాంగానికి మాత్రం తగినంతమంది మనుషులూ లేరు, తగినంత స్వేచ్ఛా లేదు. ఇదీ నా వాదన.

మొదట మిషన్ సంగతి. ఏ దేశంలో విమానం నమూనా తయారవుతుందో ఆ దేశపు నియంత్రణ సంస్థ దానికి టైప్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, దాని ఎనిమిదో అనుబంధం ఈ పద్ధతికి పునాది. రెక్కలను మామూలుగా ఎదురయ్యే గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు వంచి, మూడు సెకన్ల పాటు విరగకుండా నిలుస్తాయా అని చూస్తారు. నడుస్తున్న ఇంజన్లోకి పక్షి కళేబరాలు విసురుతారు. సగం తలుపులు మూసేసి, చీకట్లో, ప్రయాణికులందరూ 90 సెకన్లలో బయటపడగలరా అని పరీక్షిస్తారు. కడపకు వచ్చే ఏటీఆర్ 72 విమానానికి ఆ కాగితం యూరప్‌లో పుట్టింది, బెల్ 430కి కెనడాలో. మన డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, వాటిని పరిశీలించి ఇక్కడ చెల్లుబాటు చేస్తుంది. ఆ తర్వాత ఒక్కో విమానానికి వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్, ఎగరడానికి యోగ్యమేనని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ విడివిడిగా ఇస్తుంది.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నగ మీద హాల్‌మార్క్ ఒకసారి పడితే చాలు, నగ ఉన్నన్నాళ్లూ ఆ ముద్ర మాట నిలబడుతుంది. విమానం ముద్ర అలా నిలవదు. ఏటేటా సమీక్ష జరగాలి. తయారీదారు దేశం ఒక లోపం గురించి తప్పనిసరి ఆదేశం పంపితే, గడువు లోపల దాన్ని సరిచేయాలి. రిపేరు చేసిన ప్రతిసారీ లైసెన్సున్న ఇంజనీరు సంతకం పెట్టాలి, ఆ ఇంజనీరు పనిచేసే షెడ్డుకు వేరే అనుమతి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, ఎక్కడో విదేశంలో రెక్క వంచి చూసిన పరీక్షకు విలువ ఉండదు.

ముఖ్యమంత్రి హెలికాప్టర్‌కు ఎయిర్‌వర్దీనెస్ గడువు తీరిపోయిందని అప్పట్లో ప్రచారం సాగింది, డీజీసీఏ దాన్ని ఖండించింది. ప్రమాదంపై విచారణకు పవన్ హన్స్ సంస్థకు అప్పట్లో అధిపతిగా ఉన్న ఆర్.కె. త్యాగి అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో ఏదో తేడా చూపిస్తే, పైలట్లు దానికి మందు వెతుకుతూ చెక్‌లిస్టు పేజీలు తిప్పుతూ విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని, ఆ ధ్యాసలో ముందున్న క్యుములోనింబస్ మేఘాన్ని తప్పించలేకపోయారని, పైనుంచి కిందికి వీచే బలమైన గాలి హెలికాప్టర్‌ను తోసేసిందని ఆ కమిటీ తేల్చింది. పావురాలగుట్ట వెనుక కుట్ర వెతికేవాళ్లు ఈ జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. ఆ నివేదిక చెప్పిన దాన్ని శ్రద్ధగా చదివితే, కుట్ర కన్నా మామూలుగా కనిపించే, అందువల్లే ఎక్కువ భయపెట్టే విషయాలు బయటపడతాయి. వెనక్కి తిరగాల్సిన చోట తిరగకపోవడం. మబ్బు ఎదురుగా ఉన్నప్పుడు ఎవరు ఏది చూసుకోవాలో పంచుకోకపోవడం. ఇవి శిక్షణకు, పర్యవేక్షణకు సంబంధించినవి. ఆ ఇద్దరు పైలట్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లను నిందించి ఊరుకుంటే, వాళ్లను పంపిన వ్యవస్థ తప్పించుకుంటుంది.

అదే ఏడాది, దీనికి ఆరు నెలల ముందు, కెనడాలో జరిగిన ఒక ప్రమాదం ఇక్కడ చెప్పుకోవాలి. మార్చి 12న న్యూఫౌండ్‌లాండ్ తీరం దగ్గర సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ సముద్రంలో పడి 17 మంది చనిపోయారు, ఒక్కరు బతికారు. గేర్‌బాక్స్ ఫిల్టరును బిగించి ఉంచే టైటానియం బోల్టులు తెగి నూనె అంతా పోయింది. నూనె పోయాక కూడా గేర్‌బాక్స్ 30 నిమిషాలు నడవాలని సర్టిఫికేషన్ నిబంధన ఉంది. కానీ నూనె పోవడం అత్యంత అరుదుగా తప్ప జరగదని తయారీదారు చూపించగలిగితే ఆ పరీక్ష నుంచి మినహాయింపు పొందవచ్చు. ఎస్-92 ఆ దారిలోనే సర్టిఫికెట్ తెచ్చుకుంది. అరుదు అనుకున్నది జరిగింది, గేర్‌బాక్స్ 30 నిమిషాలు నిలవలేదు. ఈ రెండు ప్రమాదాలకూ కారణాలు వేరు. అయినా కాక్‌పిట్‌లో వెలిగిన హెచ్చరిక రెండింటా ఆయిల్ ప్రెషర్‌దే. నిబంధనలో ఒక చిన్న సందు ఎంత మందిని మింగగలదో ఎస్-92 చూపించింది. నిబంధన సరిగా ఉన్నా, దాన్ని ఆకళింపు చేసుకున్న మనిషి లేకపోతే ఏమవుతుందో పావురాలగుట్ట చూపించింది.

తెలుగువాళ్లకు ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి ఎన్నికల ప్రచారానికి లేచిన చిన్న సెస్నా విమానం నేలకూలి నటి సౌందర్య చనిపోయారు. పావురాలగుట్టతో కలిపి ఇవి మూడూ టికెట్టు కొని ఎక్కే విమానాలు కావు. ప్రభుత్వాలు నడిపేవి, అద్దెకు తెచ్చుకునేవి. పెద్ద విమాన సంస్థల మీద ఉండే నిఘా ఈ చిన్న, ప్రైవేటు, ప్రభుత్వ విభాగాల మీద ఎప్పుడూ పలచగానే ఉంది. నాయకుడు తొందరపెట్టినప్పుడు, సభకు జనం ఎదురుచూస్తున్నప్పుడు, పైలట్ వద్దు అనగలగాలి. వద్దన్న మాట చెల్లాలి. నిబంధనల్లో అది పైలట్ అధికారమే. కానీ ఉద్యోగం ఇచ్చినవాడే వెనక సీట్లో కూర్చుని ఉంటే, ఆ అధికారానికి వెన్నుదన్ను ఇవ్వాల్సింది నియంత్రణ సంస్థ.

ఇక సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల సంగతి. ప్రపంచం చాలాకాలం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మాటను వేదంగా తీసుకుంది. అక్కడ పరీక్షల పనిలో చాలా భాగం తయారీ కంపెనీ సొంత ఇంజనీర్లకే అప్పగించే పద్ధతి ఉంది. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్, ఒకే ఒక్క సెన్సార్ చెప్పిన మాట నమ్మి, విమానం ముక్కును కిందికి తోసేది. 2018 అక్టోబరు 29న ఇండొనేసియాలో లయన్ ఎయిర్ విమానం, 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానం కూలి 346 మంది చనిపోయారు. లయన్ ఎయిర్ విమానాన్ని నడిపిన కెప్టెన్ మన ఢిల్లీ కుర్రాడు. దాదాపు 20 నెలలు నేల మీద నిలబెట్టాక 2020 నవంబరులో ఎఫ్ఏఏ ఆ విమానానికి మళ్లీ అనుమతి ఇచ్చింది. డీజీసీఏ వెంటనే తలూపకుండా 2021 ఆగస్టు దాకా ఆగింది. మన నియంత్రణ సంస్థ సొంతంగా ఆలోచించిన సందర్భంగా దాన్ని మెచ్చుకోవాలి.

మెచ్చుకోలేని సందర్భం 2025లో వచ్చింది. జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లేచిన ఎయిర్ ఇండియా 787 క్షణాల్లో కూలి 260 మంది చనిపోయారు. విమానం గాలిలోకి లేచిన వెంటనే రెండు ఇంజన్లకూ ఇంధనం ఆపే స్విచ్‌లు సెకను తేడాలో కటాఫ్ స్థానంలోకి మారాయని జూలై 12న వెలువడిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు మారాయన్నది ఆ నివేదిక తేల్చలేదు, మనమూ తేల్చకూడదు. కానీ అదే నివేదికలో మరో వాక్యం ఉంది. ఇలాంటి స్విచ్‌ల లాకింగ్ ఏర్పాటు ఊడిపోయి ఉండవచ్చని 2018 డిసెంబరులో ఎఫ్ఏఏ, తనిఖీ చేసుకోమని ఒక సూచన పంపింది. అది తప్పనిసరి ఆదేశం కాదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ తనిఖీలు చేయలేదు. ప్రమాదం జరిగాక జూలైలో డీజీసీఏ వాటిని తనిఖీ చేయమని ఆదేశించింది. ప్రమాదానికీ ఆ స్విచ్ లాకుకూ సంబంధం లేదని రేపు తేలినా సరే, ఏ సూచనను ఆదేశంగా మార్చాలో నిర్ణయించే నిపుణులు మన దగ్గర చాలినంత మంది ఉన్నారా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

జవాబు పార్లమెంటే ఇచ్చింది. 2025 ఆగస్టులో స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం డీజీసీఏలో మంజూరైన పోస్టులు 1,063, భర్తీ అయినవి 553. దాదాపు సగం కుర్చీలు ఖాళీ. డీజీసీఏకు ఆర్థికంగా, పాలనాపరంగా పూర్తి స్వయంప్రతిపత్తి ఇవ్వాలని కూడా ఆ సంఘం గట్టిగా చెప్పింది. 2014 జనవరిలో అమెరికా మన భద్రతా పర్యవేక్షణను రెండో శ్రేణికి దించినప్పుడు కూడా బయటపడ్డ పెద్ద లోపం చాలినంత మంది శిక్షణ పొందిన అధికారులు లేకపోవడమే. 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి శ్రేణికి చేరాం. పదేళ్లు తిరిగేసరికి అదే మాట మళ్లీ వినాల్సి వచ్చింది.

చట్టం మాత్రం కొత్తది వచ్చింది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024ను పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఆయన కన్నా ముందు 2014 నుంచి 2018 దాకా అదే శాఖ విజయనగరం అశోక్ గజపతిరాజు చేతిలో ఉంది. తెలుగువాళ్లకు ఈ శాఖతో ఇంత దగ్గరి సంబంధం ఉన్నందుకు నాకు సంతోషమే, అందుకే అడిగే హక్కూ ఎక్కువే అనుకుంటాను. కొత్త చట్టం విమాన తయారీతో పాటు డిజైన్‌నూ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఇది మంచి మార్పు. కానీ డీజీసీఏ మంత్రిత్వ శాఖ కిందే ఉండిపోయింది. ప్రమాదాలను విచారించే ఏఏఐబీ కూడా అదే శాఖ కింద ఉంది. 2012 దాకా అలాంటి విచారణ విభాగం కూడా లేదు, 2009లో త్యాగి కమిటీ వేయాల్సి వచ్చింది అందుకే. విమాన సంస్థలను పెంచాల్సిన శాఖ, వాటిని నియంత్రించే సంస్థ, తప్పు జరిగితే విచారించే సంస్థ ఒకే కప్పు కింద ఉండటం సరికాదు. అమెరికాలో విచారణ బోర్డు రవాణా శాఖకు బయట ఉంటుంది. నాలుగో ప్రశ్నకు, తప్పెవరిదో తేల్చేదెవరన్న దానికి, మన చట్టం ఇచ్చిన జవాబు ఇంకా సగమే.

కడప విమానాశ్రయం చరిత్ర ఇదే కథను ఇంకో వైపు నుంచి చెబుతుంది. 2015 జూన్ 7న అది మళ్లీ తెరుచుకుంది. బెంగళూరుకు సర్వీసు నడిపిన ఎయిర్ పెగసస్ 2016 జూలైలో మూతపడింది. దాని ఏటీఆర్‌లు అద్దెవి, అద్దె బాకీ పడింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమాన సర్వీసులు తెచ్చే ఉడాన్ పథకం మొదలైన రోజే హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్ కడపకు వచ్చింది, ఆ సంస్థా 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మార్చి 27 నుంచి ఇండిగో నడుపుతోంది. 2024 మార్చిలో కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన జరిగింది. రన్‌వే సుమారు రెండు కిలోమీటర్లే కనుక పెద్ద జెట్‌లకు కష్టం, ఏటీఆర్‌కు సరిపోతుంది. రన్‌వే పొడిగించమని మన నాయకులు అడిగేటప్పుడు దాని చివర విమానం జారిపోతే ఆపే భద్రతా స్థలం గురించి కూడా అడగాలి. 2010లో మంగళూరులో 158 మంది, 2020లో కోళిక్కోడ్‌లో 21 మంది చనిపోయిన రెండు ప్రమాదాల్లోనూ విమానాలు రన్‌వే దాటి లోయలోకి పోయాయి.

అద్దె విమానాల గొడవకు కేంద్రం 2025లో ప్రత్యేక చట్టం చేసింది. కిస్తీ కట్టకపోతే యజమాని విమానాన్ని వెనక్కి తీసుకుపోవడం ఇప్పుడు తేలిక. కంపెనీలకు అద్దెలు తగ్గుతాయని ప్రభుత్వం చెబుతోంది. కడపలాంటి ఊరికి మాత్రం విమానం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోవచ్చని అర్థం. టికెట్టు కొన్న ప్రయాణికుడి హక్కు గురించి అంత పట్టుదల ఉన్న చట్టం నాకు కనబడలేదు.

పైలట్ల విశ్రాంతి సంగతి చూడండి. అలసిపోయిన పైలట్ వల్ల ప్రమాదం అని తెలిసే డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధన తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. కోర్టుల్లో వాదనలు నడిచి, చివరికి 2025 జూలై, నవంబరు నెలల్లో రెండు విడతలుగా అమలైంది. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది, జనం విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డారు. డీజీసీఏ ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 వరకు కొన్ని మినహాయింపులు ఇచ్చింది. దాదాపు రెండేళ్లు ముందు చెప్పిన నిబంధనకు సిద్ధం కాని కంపెనీకి దొరికిన ఫలితం మినహాయింపు. ఇలా జరిగితే తర్వాతి నిబంధనను ఎవరు లెక్కచేస్తారు? ఆ రోజుల్లో ప్రయాణికుల అవస్థ నిజమే. కానీ కంపెనీ ఎంత పెద్దదైతే నిబంధన అంత వంగుతుందని దేశమంతా చూసింది.

విమానం ఎక్కని రైతుకు కూడా ఇప్పుడు ఈ చట్టంతో పని పడింది. జమ్మలమడుగు రేగడి చేలల్లో శనగకు, పులివెందుల చీనీ తోటల్లో మందు కొట్టడానికి డ్రోన్లు పనికొస్తాయి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు వీటికి టైప్ సర్టిఫికెట్, ఒక్కో దానికి విడి గుర్తింపు సంఖ్య, నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడుగుతాయి. మందు కొట్టే డ్రోన్లు చాలావరకు 2 నుంచి 25 కిలోల తరగతిలోకి వస్తాయి. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. 2 కిలోల లోపు వాటితో డబ్బు తీసుకోకుండా సరదాకు ఎగరేస్తే కూడా అవసరం లేదు. ప్రొద్దుటూరు పెళ్లిళ్లలో డబ్బుకు వీడియో తీసేవాళ్లకు ఈ రెండో సడలింపు వర్తించదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 8 లక్షలు, దొరుకుతుంది.

ఈ నిబంధనలు మంచివి, ముందున్న వాటి కన్నా చాలా సులువైనవి. కానీ పొలం గట్టున డ్రోన్ ఎగరేసే యువకుడికి అవి తెలుగులో ఎవరూ చెప్పడం లేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం డ్రోన్ బిల్లు ముసాయిదా పెట్టింది, అందులో జైలు శిక్షలు కూడా ఉన్నాయి. తెలియని చట్టానికి శిక్ష పడటం న్యాయం కాదు. వ్యవసాయ శాఖ, రైతు సేవా కేంద్రాలు విత్తనాల గురించి చెప్పినట్టే ఈ విషయమూ తెలుగులో, ఊరూరా చెప్పాలి.

కడప ఎంపీకి, ఎమ్మెల్యేలకు, విమానయాన శాఖను చూస్తున్న తెలుగు మంత్రికి నేను కోరేవి కొన్నే. డీజీసీఏలో ఖాళీలు ఎప్పటికి నింపుతారో తేదీ చెప్పండి. ఏఏఐబీని శాఖ నుంచి బయటికి తీసి పార్లమెంటుకు జవాబుదారీ చేయండి. రాష్ట్ర ప్రభుత్వాలు వాడే హెలికాప్టర్ల మీద జరిగిన తనిఖీల ఫలితాలు ఏటా బయట పెట్టండి. ప్రమాద నివేదికలు తెలుగులోకి తెప్పించండి. పావురాలగుట్ట మీద తమ మనిషిని పోగొట్టుకున్న ఊళ్ల జనానికి, ఏం జరిగిందో తమ భాషలో చదువుకునే హక్కు ఉంది.